నాలుగేళ్లవాడి చేతికి చీపురిస్తే

(గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ వాసుల సమావేశంలో, సంక్రాంతికి పది రోజుల ముందు, ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

సెక్రటరీగారు నన్ను పరిచయం చేస్తూ, మాస్టారు ముప్పై మూడేళ్లు చిన్నపిల్లలకి చదువు చెప్పారు, పిల్లల పెంపకంలో ఆయనకి తెలియనిది లేదు అన్నారు. మొదటి మాట నిజమే. రెండో మాటకి మా ఆవిడ నవ్వుతోంది చూడండి, మూడో వరసలో. (నవ్వులు)

నేను ఇల్లు ఊడవడం మొదలుపెట్టింది 61వ ఏట. అంతకుముందు చీపురుతో నాకున్న పరిచయం ఒక్కటే. అది తలుపు వెనక ఉండేది. తలుపు గట్టిగా వేస్తే కింద పడేది. పడితే నేను వంగి తీసేవాణ్ణి కాదు, "ఏమేవ్, చీపురు పడింది" అని కేకేసేవాణ్ణి. (నవ్వులు) నవ్వకండి, ఇక్కడున్న మగవాళ్లలో సగంమంది ఆ పార్టీయే.

నాలుగేళ్ల కిందట కార్తీకమాసంలో మా ఆవిడ బాత్రూంలో జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. సరిగ్గా అప్పుడే మా పనమ్మ వాళ్ల చెల్లెలి పెళ్లికని ఊరెళ్లింది. అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకి పొద్దున్నే వెళ్లిపోతారు. ఇక ఇంట్లో మిగిలింది నేను, ఆరేళ్ల మనవరాలు, ఇంకా నాలుగు నిండని మనవడు.

మొదటిరోజు చీపురు తీసుకుని హాల్లో దిగాను. నాలుగు ఊపులు ఊపానో లేదో, దుమ్మంతా లేచి సోఫా మీదికెక్కింది. మనవరాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "తాతయ్యా, ఫ్యాను ఆపి ఊడవాలి. మూలలోంచి మొదలుపెట్టాలి. నానమ్మ అలాగే చేస్తుంది" అంది. ముప్పై మూడేళ్లు బడిలో చెప్పొచ్చినవాడికి ఆరేళ్లపిల్ల పాఠం చెప్పింది. దానికి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది.

ఈలోగా చిన్నాడు పరిగెత్తుకొచ్చి చీపురు పట్టుకున్నాడు. "నేను, నేను" అంటాడు. వాడికంటే చీపురే పొడుగు. నేనేమన్నానో తెలుసా? "పక్కకెళ్లి ఆడుకోరా, ఇది పెద్దవాళ్ల పని" అన్నాను.

ఆ మాట అనని ఇల్లు ఈ అపార్ట్‌మెంట్‌లో ఉందంటే నేను నమ్మను. రెండేళ్లప్పుడు వాళ్లే వచ్చి చీపురు లాక్కుంటారు, గిన్నెలు తోముతానంటారు, పప్పులో నీళ్లు పోస్తానంటారు. మనం పొమ్మంటాం. పన్నెండేళ్లు వచ్చాక మనమే పిలిచి, తిన్న కంచం తీయవేంరా అని తిడతాం. పదేళ్లపాటు నీకు పని లేదు పొమ్మని నేర్పింది మనమే. వాళ్లు బాగానే నేర్చుకున్నారు.

చిన్నపిల్లలకి సాయం చేసే బుద్ధి ఎక్కడినుంచి వస్తుందని జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అని ఇద్దరు పరిశోధకులు పరీక్ష పెట్టి చూశారు. 2006లో అచ్చయింది. ఏడాదిన్నర పిల్లలు. గదిలో ఒక పెద్దమనిషి తాడు మీద బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. అందుకోబోతాడు, అందదు. తీసివ్వమని అడగడు, ఇస్తే మెచ్చుకోడు. అయినా పిల్లల్లో చాలామంది తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి క్లిప్పు తీసి ఇచ్చారు. అదే మనిషి క్లిప్పుని కావాలని విసిరేస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంటే ఎవరికి అవసరమో, ఎవరికి కాదో ఆ వయసుకే తెలుస్తుందన్నమాట. మన దండెం, మన క్లిప్పులే. అలాంటిది మీ డాబా మీద రోజూ జరుగుతూనే ఉంటుంది, మనం చూడం.

రెండో పరీక్ష ఇంకా బాగుంటుంది. దానికి ముందు నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. వారం రోజులయ్యాక నాకు తెలివితేటలు పెరిగాయి. పిల్లలు ఉత్సాహంగా చెయ్యాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని, బొమ్మలు సర్దితే ఐదు రూపాయలు, చెప్పులు వరసగా పెడితే ఐదు రూపాయలు అని రేటు కట్టాను. మూడురోజులు ఇల్లు అద్దంలా ఉంది. నాలుగోరోజు నేను మందు వేసుకుంటూ "తల్లీ, ఒక గ్లాసు మంచినీళ్లు ఇయ్యమ్మా" అంటే మనవరాలు తిరిగి చూసి, "ఎంతిస్తావు తాతయ్యా?" అంది. (నవ్వులు) అంతకుముందు వారం అదే పిల్ల, వాళ్ల నానమ్మ కట్టు చూసి తనంతట తనే మంచినీళ్లు తెచ్చిచ్చేది.

ఆ పరిశోధకులు 2008లో చూసింది కూడా ఇదే. ఇరవై నెలల పిల్లలు. సాయం చేసినప్పుడల్లా కొందరికి బొమ్మ ఇచ్చారు, కొందరికి మెచ్చుకోలు, కొందరికి ఏమీ లేదు. తర్వాత అందరికీ ఇవ్వడం మానేశారు. బొమ్మ తీసుకున్న పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ సాయం చేశారు. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న పని కూలిపని అయింది. బొమ్మ ఆగింది కాబట్టి సాయమూ తగ్గింది. నేను ఇంట్లో ఐదేసి రూపాయలు పెట్టి చేసిన ప్రయోగం వాళ్లు జర్మనీలో చేశారు, అంతే తేడా.

సరే, డబ్బు పని చెయ్యలేదు. మరేం చేశాను?

చీపురు సంగతి ముందు. మన కొండ చీపురు నాలుగేళ్లవాడికి కాదు. పట్టుకుంటే కింది కొస గోడకి, పై కొస వాడి ముక్కుకి తగులుతుంది. మా ఇంటి వెనక ఎండిపోయిన కొబ్బరిమట్ట ఉంటే ఈనెలు చీరి, గుప్పెడంత కట్ట కట్టి, వాడి మూరకి సరిపోయేలా మొదలు కోసేశాను. అది వాడి చీపురు. వాడి మేకుకే తగిలించాం, వాడికి అందే ఎత్తులో. పనిముట్టు చేతికి సరిపోతే సగం పని అయినట్టే.

ఐతే ఎక్కడికి ఊడవాలో వాడికి తెలియదు. దుమ్ముని ఇటు తోస్తాడు, అటు తోస్తాడు, చివరికి గది నిండా పంచుతాడు. మా ఆవిడ కుర్చీలో కూర్చుని చూసి చూసి, "ముగ్గు డబ్బా తీసుకురండి" అంది. హాలు మధ్యలో ఎడమచేత్తో ముగ్గుపిండి పోసి జానెడు డబ్బా ఒకటి గీసింది. "నాన్నా, చెత్తంతా ఈ ఇంట్లోకి పంపించాలి, ఒక్కటి కూడా బయట ఉండకూడదు" అని చెప్పింది. ఇక చూడండి. వాడు నాలుక బయటపెట్టి, నేలకి అంగుళం దూరంలో కళ్లు పెట్టి, ఒక్కొక్క కాగితం ముక్కనీ, ఒక్కొక్క వేరుశెనగ పొట్టునీ ఆ డబ్బాలోకి తోస్తున్నాడు. ఒక వెంట్రుక రాదు. చీపురు పక్కన పెట్టి, రెండు వేళ్లతో ఎత్తి తీసుకెళ్లి డబ్బాలో వేశాడు. ఇరవై ఐదు నిమిషాలు. నాలుగేళ్లు నిండనివాడు ఫోను లేకుండా, టీవీ లేకుండా ఒకే పని మీద ఇరవై ఐదు నిమిషాలు! చివరికి చెత్తతోపాటు ముగ్గు కూడా ఎత్తెయ్యాలి కాబట్టి అదీ ఊడ్చేశాడు. పని అయిందని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బా మాయమైతే అయినట్టు.

నేనేదో మా ఆవిడ కనిపెట్టిందని మురిసిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, ఇది మాకు టీచర్ ట్రైనింగ్‌లో చెప్పిందే. మరియా మాంటిసోరి పద్ధతిలో సుద్దతో గీత గీసి అందులోకి ఊడవమంటారు. ఆవిడ 1907లో రోమ్ నగరంలో కూలివాళ్లుండే శాన్ లొరెంజో పేటలో పిల్లల బడి పెట్టారు. చిన్న కుర్చీలు, చిన్న బల్లలు చేయించారు. పిల్లలు బొమ్మలు వదిలేసి నిజం పనులవైపు వస్తున్నారని గమనించిన మనిషి ఆవిడ. 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. యుద్ధం వచ్చి, ఇటలీ దేశస్థురాలు కావడంతో తిరిగి వెళ్లడం కుదరక 1946 దాకా ఇక్కడే ఉన్నారు. ఇదంతా నేను పరీక్షకి చదివి, రాసి, మర్చిపోయాను. మా ఆవిడ చదవలేదు, కానీ ముగ్గు వెయ్యడం తెలుసు.

తడిగుడ్డ పెట్టడం ఇంకో కథ. అరమగ్గు నీళ్లే ఇవ్వాలి, బకెట్ ఇచ్చారో మీ కింది ఫ్లాటువాళ్లు పైకొస్తారు. గుడ్డ పిండటం వాళ్ల చేతులకి రాదు, బలం చాలదు. గుడ్డని బాత్రూం కుళాయికి చుట్టి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టమంటే వస్తుంది. మావాడు ఒకే ఒక్క టైల్ పావుగంట తుడిచాడు. మిగతా హాలు నేను తుడిచాను. ఆ ఒక్క టైలూ నా వాటికంటే శుభ్రంగా ఉందని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను, ఇది మా ఆవిడ చేసింది. (నవ్వులు) ఏం, నేనొక్కణ్ణే చేస్తానా తప్పులు? వాడు ఊడ్చి చీపురు తగిలించి అటు తిరిగాడో లేదో, ఆవిడ ఎడమచేత్తో పెద్ద చీపురు తీసి సోఫా కింద మళ్లీ ఒక పట్టు పట్టింది. వాడు నీళ్లు తాగడానికి వెనక్కొచ్చి చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు చీపురు ఇస్తే తీసుకోలేదు. "నానమ్మ మళ్లీ ఊడుస్తుందిగా" అన్నాడు.

అమ్మా, మీకు నిజంగా ఆ మూల దుమ్ము కంట్లో నలుసులా ఉంటే, వాళ్లు పడుకున్నాక ఊడ్చుకోండి. బడికి వెళ్లాక ఊడ్చుకోండి. వాళ్ల కళ్లముందు మాత్రం వద్దు. వాడు మళ్లీ చీపురు పట్టడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. నేను లెక్కపెట్టాను.

ఏ వయసుకి ఏ పని అని అడుగుతారు. పట్టికలు అక్కర్లేదు. రెండేళ్లవాళ్లు మాసిన బట్టలు బుట్టలో వేస్తారు. మూడేళ్లకి తోమిన స్పూన్లు, గరిటెలు వేరుచేస్తారు, కత్తులు మీరు ముందే తీసేస్తే. ఐదేళ్లకి చేతిరుమాళ్లు మడతపెడతారు, తులసికి నీళ్లు పోస్తారు. ఏడేళ్లకి ఒక గది ఊడవగలరు, తిన్న కంచం కడగగలరు. ఐతే చెప్పే పద్ధతి ఉంది. "నీ గది శుభ్రం చెయ్యి" అంటే పిల్లాడికి ఏమీ అర్థం కాదు, అది మీకు మీ ఆఫీసర్ "అంతా సెట్ చేసెయ్" అన్నట్టుంటుంది. "నేలమీదున్న కార్లన్నీ ఈ డబ్బాలో వెయ్యి" అనండి. కార్లయ్యాక పుస్తకాలు. ఒకసారికి ఒకటి.

సంక్రాంతి వస్తోంది, అందరిళ్లల్లో బూజులు దులుపుతారు, కాబట్టి ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఆ రోజు పిల్లల్ని పిలవండి, బూజుకర్ర పట్టుకోనివ్వండి, ముక్కుకి అడ్డంగా గుడ్డ కట్టి నవ్వించండి. స్టూలు ఎక్కనివ్వొద్దు, ఫ్యాన్ల జోలికి పోనివ్వొద్దు. బాత్రూం యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ వాళ్ల చేతికి అందే ఎత్తులో ఉండకూడదు. ఫినాయిల్ లీటర్ల లెక్కన కొని పాత కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పెడతాం చూశారా, అది ఈ రాత్రికే తీసెయ్యండి. బాటిల్ చూసి పిల్లాడు ఏమనుకుంటాడో మీకు తెలుసు. బ్లీచింగ్, యాసిడ్ కలిపి వాడొద్దు, పిల్లలున్నా లేకున్నా సరే, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బట్టల్లో వేసే కలరా ఉండలు పిప్పరమెంటుల్లా ఉంటాయి, బీరువా సర్దేటప్పుడు చిన్నవాళ్లు పక్కనుంటే ముందు అవి తీసి పైన పెట్టండి. పిల్లలకి నీళ్లు, గుడ్డ, చీపురు చాలు.

ఇప్పుడు కొంచెం చేదుమాట. మా అక్కయ్య పలకరింపుకని వచ్చింది. హాల్లో మనవడు ఊడుస్తున్నాడు. "మగపిల్లాడి చేత చీపురు పట్టిస్తున్నావేంటిరా, అది కూర్చుని బొమ్మలు గీసుకుంటుంటే?" అంది. అంతకుముందు రోజు మనవరాలు ఊడుస్తుంటే అదే అక్కయ్య, "బంగారుతల్లి, అత్తారింట్లో పేరు తెచ్చుకుంటుంది" అని మెటికలు విరిచింది. అక్కయ్యని అని ఏం లాభం? ఆరేళ్లకే ఆ పిల్లకి ఫ్యాను ఆపాలని తెలుసు. 61 ఏళ్లకి నాకు తెలియదు. మా అమ్మ నన్ను కూడా పక్కకెళ్లి ఆడుకోమంది, మా అక్కయ్యని అనలేదు.

కేంద్రప్రభుత్వం 2019లో జనం రోజంతా ఏం చేస్తారో సర్వే చేయించింది, ఆరేళ్లు నిండినవాళ్లందరినీ కలుపుకుని. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకి సగటున రోజుకి 299 నిమిషాలు పడుతోందని అప్పుడు తేలింది, మగవాళ్లకి 97. ఇది చేసేవాళ్ల లెక్క. అసలు చేసే మగవాళ్లే నూటికి 26 మంది. ఆడవాళ్లు 81 మంది. ఐదు గంటలండీ, ఒక్క నిమిషం తక్కువ. మిగతా 74 మందిలో 61 ఏళ్లపాటు నేనొకణ్ణి.

ఇంకోటుంది. చీపురు పట్టడమంటే తక్కువ పని, అది ఫలానావాళ్లు చెయ్యాలి అనే రోగం మన దేశంలో చీపురంత పాతది. 1901లో కలకత్తా కాంగ్రెస్ సభలకి వెళ్లిన గాంధీగారు అక్కడి మరుగుదొడ్ల కంపు చూసి వాలంటీర్లకి చెబితే, అది మా పని కాదు, పాకీవాళ్ల పని అన్నారు. ఆయన చీపురు అడిగి తెచ్చుకుని తను వాడేది కడుక్కున్నారు. మన పిల్లలు పనమ్మ ఉంది కదా అని చాక్లెట్ కాగితం నేలమీద పడేస్తారు. ఆ కాగితం ఎత్తే మనిషికి పేరుందని, ఆవిడకీ నడుం నొప్పి ఉంటుందని వాళ్లకి తెలిసేది తాము వంగినప్పుడే.

బడిలో నేనూ పాపం చేశాను. ఆలస్యంగా వచ్చినవాడిచేత వరండా ఊడిపించేవాణ్ణి. శిక్షగా. చీపురు అవమానమని పిల్లలకి అంతకంటే బాగా ఎవరు నేర్పగలరు? జపాన్ బళ్లలో పిల్లలంతా కలిసి తరగతిగదులు, వరండాలు తుడుచుకుంటారు, అది టైంటేబుల్లోనే ఉంటుంది. అందరూ చేస్తే అది పని. ఒక్కడితోనే, అదీ ఎంచి చేయిస్తే అది శిక్ష. మన బళ్లలో పిల్లలు ఊడ్చారని పేపర్లో వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఇదే, అందరూ ఊడ్చారా, కొందరేనా అని. ఇంట్లోనూ అంతే. అల్లరి చేశాడని గది ఊడిపించకండి. అన్నట్టు, మన పిల్లలకి పని నేర్పడం వేరు, పేదింటి పిల్లని తెచ్చి పనికి పెట్టుకోవడం వేరు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నేరం. ఇక్కడ ఎవరినీ ఉద్దేశించి అనడంలేదు.

ఆ, చెప్పమ్మా.

(సభలోంచి ఒక తల్లి: మాస్టారూ, మా పాపకి పొద్దున్న ఏడింటికి స్కూల్ బస్సు. సాయంత్రం వచ్చేసరికి హోంవర్క్ టెన్షన్. మీరు చెప్పినట్టు పావుగంట ఒక టైల్ తుడిస్తే మా ఇల్లు గడవదు.)

గడవదమ్మా. నేను రిటైరయినవాణ్ణి, నాకు టైమ్ తప్ప వేరే ఆస్తి లేదు. పొద్దున అసలు పెట్టుకోవద్దు. పొద్దున పెట్టుకుంటే ఇద్దరూ ఏడుస్తారు. ఒక్క పని ఎంచుకోండి, రాత్రి భోజనాల దగ్గరిది. అందరికీ మంచినీళ్ల గ్లాసులు పెట్టడం, తిన్నాక బల్ల తుడవడం. ఐదు నిమిషాలు. నీళ్లు ఒలుకుతాయి, తుడిచే గుడ్డ వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి వాళ్లే తుడుస్తారు. దీపం పెట్టాక ఊడవకూడదని మీ అత్తగారంటే ఊడవొద్దు, బల్ల తుడవడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. (నవ్వులు) మిగతాది ఆదివారం. ఇంకో మాట, మీరు సోఫాలో కూర్చుని పాపకి చెప్పొద్దు, పక్కనే ఏదో ఒకటి చేస్తూ ఉండండి. చిన్నపిల్లలకి పని కంటే మీ పక్కన ఉండటం ముఖ్యం.

వెనకెవరో చెయ్యెత్తారు.

(సభలోంచి ఒక తండ్రి: మావాడికి పదకొండు సార్. చిన్నప్పుడు చేయించలేదు. ఇప్పుడు చెబితే ఫోన్లోంచి తల ఎత్తడు. ఇంకేం లాభముంది?)

మీరు ఇంట్లో ఏం ఊడుస్తారు? (నవ్వులు) కాదు, నిజంగానే అడుగుతున్నాను. పదకొండేళ్లవాడు ముందు చూసేది అదే. చీపురుతో మొదలుపెట్టకండి. వాడికి చూపించుకోవడానికి పనికొచ్చేది ఇవ్వండి. స్కూటర్ కడగడం, కూలర్ శుభ్రం చెయ్యడం, ప్లగ్గు మీరు తీసేశాక. ఫ్యాన్ రెక్కలు తుడవడానికి మీరు స్టూలెక్కండి, వాణ్ణి కింద స్టూలు పట్టుకోమనండి. మీరు పైన, వాడు కింద, ఒక గంట మీ ఇద్దరికీ వేరే దిక్కు లేదు, మాట్లాడుకోవాలి. నెలరోజుల దాకా మార్పు కనిపించకపోవచ్చు.

మావాడికిప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. రోజూ పాటలు పాడుకుంటూ ఊడుస్తాడని మీరనుకుంటే పొరపాటు. మొన్న ఆదివారం నేను పిలుస్తుంటే బొమ్మల పుస్తకం పట్టుకుని బాత్రూంలో దూరి అరగంట బయటికి రాలేదు. కడుపునొప్పి అన్నాడు. వాళ్లక్క నమ్మలేదు, నేను నమ్మినట్టు నటించాను. బయటికొచ్చి తన గది చూసుకున్నాడు. ఎవరూ ముట్టుకోలేదు, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. మా ఆవిడ చెయ్యి దురదపెడుతోందని నాకు తెలుసు, పాపం వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. వాడు కాసేపు నిలబడి, వెళ్లి ఫ్యాను స్విచ్ కట్టేశాడు.